లెక్క పుస్తకములోనికి రాని పరిచర్య

మన పాఠశాల వార్షిక సంచికలో పరీక్షల ఫలితములును, ఆటలలో బహుమానములు పొందినవారి పేర్లును, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుల చిత్రములును ఏటేట అచ్చగుచుండును. అట్లు అచ్చగుట న్యాయమే. అయితే ఒకనాడు నేను తొమ్మిదవ తరగతి విద్యార్థులను మరియొక విధమైన ప్రశ్న అడిగితిని. మన సంఘ గురువుగారి పేరేమని అడుగగా అందరును చేతులెత్తిరి. అధ్యక్షులవారి పేరేమని అడుగగా సగము మంది చెప్పిరి. ఆదివారము తెల్లవారుజామున దేవాలయపు తలుపు తీసి, దుమ్ము దులిపి, గంట కొట్టునది ఎవరని అడుగగా ఇద్దరు మాత్రమే చెప్పగలిగిరి. ఆ యిద్దరిలో ఒక బాలిక ఆ గంట కొట్టునామె మనుమరాలే.

ఈ చిన్న సంగతియే నాచేత ఈ వ్యాసము వ్రాయించుచున్నది. జీతము లేక, పదవి లేక, జీవితకాలమంతయు తన యూరి సంఘమునకు పరిచర్య చేయు స్త్రీ మన ప్రాంతములో అరుదు కాదు. అట్టివారు లేని గ్రామ సంఘమే యుండదని చెప్పవచ్చును. ఆమె పని యేమి, అది ఎట్లు పుట్టినది, దానివలన సంఘము ఎట్లు నిలుచుచున్నది, దానిని మనము ఎట్లు గౌరవింపవలెను అను నాలుగు విషయములను విద్యార్థులకు తెలియునట్లు వివరించుట నా యుద్దేశము.

పరిచర్య యను మాట

కొత్త నిబంధనలో రోమీయులకు వ్రాయబడిన పత్రిక చివరి యధ్యాయమున పౌలు అనేకులకు వందనములు తెలుపుచు, మొట్టమొదట ఒక స్త్రీ పేరు చెప్పును. ఆమె కెంక్రేయ సంఘమునకు చెందిన ఫీబే. ఆమెను గూర్చి పౌలు వాడిన గ్రీకు మాటయే ఇతర స్థలములలో పురుషులైన పరిచారకులకును వాడబడినది. యొప్పే పట్టణములో దొర్కా విధవరాండ్రకు బట్టలు కుట్టి యిచ్చెను. ఆమె మరణించినప్పుడు ఆ విధవరాండ్రు ఏడ్చుచు, ఆమె కుట్టిన వస్త్రములనే చేతపట్టుకొని చూపిరి. ఆమె పని యెంతటిదో చెప్పుటకు వారియొద్ద వేరొక లెక్క పుస్తకము లేకుండెను.

తరువాతి కాలమున ఈ పరిచర్య రెండు పాయలుగా చీలినది. ఒకటి శిక్షణయు, నియామకమును గల పరిచర్య. 1836లో జర్మనీ దేశమందలి కైజర్స్‌వెర్త్‌లో థియొడోర్ ఫ్లీడ్నర్ గారు పరిచారికలకు శిక్షణ నిచ్చు గృహమును స్థాపించిరి. ఇంగ్లండులో 1890లో మెథడిస్టులు వెస్లీ పరిచారికల సంఘమును ఏర్పరచిరి. మన దేశములో 'బైబిలు స్త్రీలు' అనబడినవారు ఈ పాయకు చెందినవారు. వారికి స్వల్పమైనను జీతము కలదు, మిషను పుస్తకములో వారి పేరు కలదు. రెండవది జీతమును, నియామక పత్రమును లేని పరిచర్య. ఇంటి పనియు, కూలి పనియు చేసికొనుచు, మిగిలిన వేళను సంఘమునకు ధారపోయు స్త్రీ పరిచర్య యిది. ఈ రెండవ పాయయే వెడల్పైనది. చరిత్రకారుల కంటికి అగపడనిదియు నిదియే.

మన జిల్లాలలో ఇది పుట్టిన విధము

నిజాము రాజ్యములో వెస్లియను మెథడిస్టు మిషను పనిని 1879లో విలియం బర్జెస్ గారు ఆరంభించిరి. ఆయన తోటి పనివారైన బెంజమిన్ ప్రాట్ గారు కరీంనగరమును కేంద్రముగా చేసికొని పనిచేసిరి. మెదకులో చార్లెస్ వాకర్ పాస్నెట్ గారు కట్టించిన మహాదేవాలయము పదియేండ్ల శ్రమ పిమ్మట 1924 డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠింపబడెను. కరవు దినములలో ఆకలిగొన్నవారికి ఆ కట్టడపు పనియే కూడు పెట్టినది. దాని గోపురపు టెత్తు 175 అడుగులని మనము పాఠములలో చదువుదుము. పాస్నెట్ గారి సోదరి ఎమిలీ గారును, ఆమె స్నేహితురాలు ఆలిస్ హారిస్ గారును అదే మెదకులో దీర్ఘకాలము స్త్రీల మధ్య పనిచేసి, బైబిలు స్త్రీలను తయారుచేసిరను సంగతి మాత్రము పాఠములలో కనబడుట అరుదు.

మనకు దక్షిణమున దోర్నకల్లు కలదు. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో అభిషేకము పొందిన వి. యస్. అజరయ్య గారు ఆ మండలమునకు తొలి అధ్యక్షులైరి. ఆంగ్లికను సంఘములో అధ్యక్ష పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనయే. 1898లో ఆయనను వివాహమాడిన అన్బు మరియమ్మ గారు ఆ కాలమున కళాశాల చదువు చదివిన కొద్దిమంది దక్షిణ దేశపు క్రైస్తవ స్త్రీలలో ఒకరు. తమిళ దేశమునుండి వచ్చిన ఆమె, తెలుగు పల్లెల ఉపాధ్యాయుల భార్యల శిక్షణను తన పనిగా చేసికొనెను. దోర్నకల్లు పాఠశాలలో భర్తతోపాటు భార్యయు చదువవలెనను పద్ధతి నడచెను. ఎందుకనగా, పల్లెలోనికి ఒక ఉపాధ్యాయుని పంపినచో ఆ యింటి ఆడుదానిని కూడ పల్లె చూచును. స్త్రీల యొద్దకు పోగలిగినది ఆమెయే.

1947 సెప్టెంబరు 27వ తేదీన దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు మెథడిస్టులును, ఆంగ్లికనులును ఒకే సంఘమువారైరి. 1978లో కరీంనగరము ప్రత్యేక అధ్యక్ష మండలమాయెను. 2016లో ప్రభుత్వము పాత కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాలను విభజించుటచే జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల, మంచిర్యాల, నిర్మల్, ఆసిఫాబాదు అనునవి నేడు వేరు వేరు జిల్లా కేంద్రములై యున్నవి. జిల్లాల పేర్లు మారినను పల్లె సంఘపు స్థితి అంతగా మారలేదు. ఒక్క గురువుగారి క్రింద అనేక పల్లెల సంఘములుండును. ఆయన ప్రతి ఆదివారమును ప్రతి పల్లెలోను ఉండలేరు. ఆయన రాని ఆదివారములలో దేవాలయము తలుపు మూసికొనక యుండుటకు కారణము ఆ యూరిలోనే యుండవలెను. పెక్కు చోట్ల ఆ కారణము ఒక స్త్రీ.

ఒక యవ్వ దినచర్య

నేను శిక్షణ కళాశాలనుండి వెలువడిన క్రొత్తలో గోదావరి యొడ్డున ఒక పల్లెలో కొన్నియేండ్లు పనిచేసితిని. అక్కడి సంఘములో ఒక యవ్వ యుండెను. ఆమె పేరు చెప్పుట ఆమెకే యిష్టముండదు గనుక వ్రాయను. చిన్నతనముననే భర్తను పోగొట్టుకొని, బీడీలు చుట్టి ఇద్దరు బిడ్డలను పెంచెను. చాట ఒడిలో పెట్టుకొని, తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, దారము చుట్టు ఆ పని మన జిల్లాల స్త్రీలకు తెలియనిది కాదు. చేతివడి గల స్త్రీ ప్రొద్దుటినుండి రాత్రివరకు కూర్చున్నను దినమునకు వేయి బీడీలు చుట్టుట కష్టము. కూలి వేయింటికి లెక్క గనుక, లేచి పోయిన ప్రతి గంటయు కూలి తగ్గిన గంటయే. ఈ మాట జ్ఞాపకముంచుకొని ఆమె పనిని చూడవలెను.

శనివారము సాయంకాలము దేవాలయము ఊడ్చి, నీళ్లు చల్లి, చాపలు దులిపి పరచును. ప్రభువు బల్లపై పరచు తెల్లని గుడ్డను ఇంటికి తీసికొనిపోయి ఉతికి, గంజి పెట్టి, మడత పెట్టి తెచ్చును. ఆదివారము రెండు పర్యాయములు గంట కొట్టును. మొదటి గంట మేలుకొనుటకు, రెండవ గంట బయలుదేరుటకు. ఆరాధనకు ముందు పిల్లలను కూర్చుండబెట్టి కీర్తనలు నేర్పును. ఆమెకు చదువు రాదు. అయినను పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు మొదలుకొని అనేక కీర్తనలు, రాగము తప్పక, చరణము జారక, ఆమెకు కంఠస్థమై యుండెను. చదువు వచ్చిన నేను పుస్తకము చూచి పాడుచుండగా, ఆమె కన్నులు మూసికొని పాడుచుండెను.

ఊరిలో బాలింత యున్నదనిన వేడినీళ్లు కాచుటకు ఆమెయే పోవును. ఎవరైన మరణించిన శవమునకు స్నానము చేయించుటకు ఆమెయే వచ్చును. కోతపండుగకు ఇంటింటికి తిరిగి మక్కకంకులు, పసుపుకొమ్ములు, గుమ్మడికాయలు ప్రోగుచేయును. పొరుగింటి ముస్లిము స్త్రీయును, ఎదురింటి హిందూ స్త్రీయును కష్టము వచ్చినప్పుడు ఆమెనే పిలుచుచుండిరి. ఆమె వారి మతమడిగి లేచుట నేనెన్నడును చూడలేదు.

పిడికెడు బియ్యపు లెక్క

సంఘమునకు ఆమె చేసిన పనులలో విద్యార్థులు లెక్కగట్టి చూడదగినది పిడికెడు బియ్యము. వంటకు బియ్యము కొలుచుకొనిన పిమ్మట, కడుగుటకు ముందు, ఒక పిడికెడు తీసి వేరొక కుండలో వేయుట ఈ యాచారము. ఆదివారము ఆ కుండలోని బియ్యమును దేవాలయమునకు తెత్తురు. దానిని అమ్మగా వచ్చిన సొమ్ము సంఘమునకు చేరును. లేదా లేనివారి యింటికి ఆ బియ్యమే పోవును. డబ్బు కంటబడని పేదయింటి స్త్రీకి తన చేతిమీదుగా ఈయదగిన కానుక ఇదియొక్కటియే. ఈశాన్యమున మిజో కొండలలో 1910లో ఆరంభమైన ఇట్టి పద్ధతి అక్కడి సంఘము తన కాళ్లపై తాను నిలుచుటకు గొప్ప యాధారమైనది. మన తెలుగు సంఘములలోను ఇది చిరకాలముగా నున్నది.

పిడికెడు బియ్యము 40 గ్రాములనుకొందము. దినమునకు రెండు పూటలకు 80 గ్రాములు. ఏడాదికి 29 కిలోలకు పైచిలుకు. ఇరువది యిండ్లలో ఈ నియమము తప్పకున్నచో ఏడాదికి 584 కిలోలు. అనగా దాదాపు ఆరు క్వింటాళ్లు! ఏ యింటివారును తినుట మానలేదు, ఎవరును అప్పు చేయలేదు. అయితే ఈ లెక్క కాగితముమీద సులభము. ఇరువది యిండ్ల స్త్రీలకు ప్రతి వారమును జ్ఞాపకము చేయువారు ఒకరుండవలెను. కుండ ఖాళీగా తెచ్చిన స్త్రీని నలుగురిలో సిగ్గుపరచక, ఆ యింట పొయ్యి వెలుగలేదని గ్రహించి, ఆ వారము తానే వారింటికి బియ్యము మోయువారుండవలెను. పద్ధతిని నిలుపునది ఇట్టి మనిషియే.

ఆమె కాలమునకును లెక్క కట్టవచ్చును. ఊడ్చుట, ఉతుకుట, గంట కొట్టుట, పిల్లలకు నేర్పుట కలిపి వారమునకు తక్కువలో తక్కువ మూడు గంటలనుకొందము. ఏడాదికి 156 గంటలు. నలువది యేండ్లకు 6,240 గంటలు. దినమునకు ఎనిమిది గంటల చొప్పున అవి 780 పనిదినములగును. గంటకు ఎనుబది బీడీల చొప్పున చూచిన, ఏటేట 12 వేలకు పైబడిన బీడీల కూలిని ఆమె దేవాలయమున కిచ్చినట్లు. ఈ కానుకకు ఎవరును రసీదు వ్రాయలేదు.

నేను చేసిన తప్పు

ఆ పల్లెలో సంఘ వార్షిక నివేదిక వ్రాయు పని ఒక యేడు నాకప్పగింపబడెను. చదువుకొన్నవాడనను అతిశయముతో చక్కగానే వ్రాసితిని. సభ్యుల సంఖ్య, బాప్తిస్మములు, వివాహములు, కానుకల మొత్తము, గోడలకు సున్నము వేయించినవారి పేరు, పంకాలు కొనియిచ్చిన దాతల పేర్లు అన్నియు అందులో నుండెను. ఆ దాతల పేర్లు పంకా రెక్కలమీద కూడ ఎఱ్ఱరంగుతో వ్రాయబడి మా తలలపై తిరుగుచుండెను. నివేదికను కోతపండుగనాడు చదివితిని. అందరును చప్పట్లు కొట్టిరి. ఆ రెక్కలమీది దుమ్మును నెలనెల తుడుచునామె పేరు అందులో లేదని ఎవరును గమనింపలేదు, నేనును గమనింపలేదు.

మరుసటి సంవత్సరము వానకాలమున ఆమె జారిపడి కాలు విరిగెను. మూడు నెలలు మంచము పట్టెను. మొదటి ఆదివారము గంట మ్రోగలేదు. రెండవ ఆదివారము తాళపుచెవి ఎవరియొద్ద నున్నదో తెలియక ఆరాధన వేపచెట్టు క్రింద జరిగెను. నెల తిరుగునప్పటికి బియ్యపు కుండలు రాలేదు. పిల్లల బడికి వచ్చువారు సగమునకు తక్కువైరి. ప్రభు రాత్రి భోజనము నాడు బల్లపై పరచిన గుడ్డ మాసియుండుట చూచి గురువుగారు ఏమియు అనక తలవంచుకొనిరి. అప్పుడు గాని నాకు నా నివేదిక యెంత యబద్ధమో తెలియలేదు. అందలి అంకెలన్నియు నిజమే. సంఘము దేనివలన నిలిచినదో అది మాత్రము లేదు.

ఆ సాయంకాలము ఆమె యింటికి పోయి, మంచము ప్రక్క కూర్చుండి, తప్పు ఒప్పుకొంటిని. ఆమె నవ్వి, "బిడ్డా, గంట ఇనవడ్డంక కొట్టినోళ్ల పేరెందుకు?" అనెను.

ఆ మాట నాకెంతో నచ్చెను. రెండు మూడు సభలలో దానిని ఉదాహరించి, వినయమునకు మాదిరి యిదియని ప్రసంగించితిని. కొంతకాలమునకు నాకు వేరొక సంగతి తోచినది. ఆ మాట ఆమె చెప్పుట అందము. మనము చెప్పుట అందము కాదు. ఇచ్చువారు లెక్క మరచుట త్యాగము, పుచ్చుకొనువారు లెక్క మరచుట కృతఘ్నత. ఆమె వినయమును పొగడుట ద్వారా నేను నా తప్పును కప్పుకొనుచుంటినని గ్రహించితిని.

కుర్చీయు, తాళపుచెవియు

కాలు కుదిరిన పిమ్మట ఆమెను సంఘ కమిటీలో చేర్చుకొనవలెనని కొందరము ప్రతిపాదించితిమి. చదువు రాని ఆడుది కమిటీలో నేమి చేయునని ఒకరిద్దరు గొణిగిరి. ఆమెనే అడిగితిమి. ఆమె మూడు కోరెను. రెండవ తాళపుచెవి చేయించి మరియొకరి కీయవలెను. గుడి యావరణలో నీళ్ల కుళాయి వేయించవలెను. బియ్యపు సొమ్ము లెక్కను నెలకొకసారి అందరి యెదుట చదువవలెను. ఇన్నియేండ్లుగా పెద్దలలో నెవరికిని ఈ మూడు తోచలేదు. పని చేయువారికి పనిలోని కొరత తెలియును. వారిని కూర్చుండబెట్టి అడుగని సభకు అది యెన్నటికిని తెలియదు. ఆమె కమిటీలో చేరెను. తరువాత గొణిగినవారు లేరు.

లోకమందు ఈ మార్పు మెల్లగా వచ్చినది. ఇంగ్లండులో 1876లో మేరీ సమ్నర్ గారు స్థాపించిన తల్లుల సమాజము దేశదేశములకు ప్రాకి, ఇంటి స్త్రీలకు కలిసి కూర్చుండు స్థలము నిచ్చెను. 1927నుండి స్త్రీలు లోకమంతట ఒకే క్రమముతో ప్రార్థన దినము జరుపుకొనుచున్నారు. దక్షిణ ఇండియా సంఘములో 1976లో ఎలిజబెత్ పాల్ గారు గురుపట్టము పొందిన మొదటి స్త్రీయైరి. 2013లో మన తెలుగు స్త్రీయే, ఎగ్గోని పుష్పలలిత గారు, నంద్యాల మండలమునకు అధ్యక్షులై, దక్షిణ ఇండియా సంఘములో ఆ పదవి నెక్కిన మొదటి స్త్రీగా నిలిచిరి. పల్లెలో చీపురు పట్టిన అవ్వల తరములు ఆ మెట్లను ఊడ్చి యుంచుటచేతనే ఆమె వాటి నెక్కగలిగెనని చెప్పుట అతిశయోక్తి కాదు.

విద్యార్థులకు మనవి

ఇప్పుడొక చిక్కు మన యెదుట నున్నది. ఆ తరపు స్త్రీలు ఒక్కరొక్కరుగా వెళ్లిపోవుచున్నారు. చదువుకొన్న మన బాలికలు హైదరాబాదునకును, దూరదేశములకును పోవుచున్నారు, పోవలసినదే. అవ్వ చేసినట్లు నలువది యేండ్లు ఒక్క స్త్రీయే మోయవలెనని కోరుట న్యాయము కాదు. బీడీల కూలి పోగొట్టుకొని ఒకరు మోసిన బరువును పదిమంది పంచుకొనుటయే మార్గము. మా పల్లెలో ఆమె బ్రదికియుండగనే వంతుల పట్టిక వ్రాసి దేవాలయపు తలుపు వెనుక అంటించితిమి. అందులో బాలుర పేర్లును గలవు. చీపురు పట్టుట ఆడువారి పనియని తలంచిన ఒక బాలుడు మొదటి వారము సిగ్గుపడెను. రెండవ వారము చాపలు దులుపుటలో అందరికంటె ముందుండెను.

కాబట్టి, ప్రియ విద్యార్థులారా, ఈ వేసవి సెలవులలో మీకొక పని చెప్పుచున్నాను. మీరు ఏ మతమువారైనను సరే, మీ యూరి గుడిలోనో, మసీదులోనో, చర్చిలోనో, బడిలోనో జీతము లేక చిరకాలము పనిచేసిన యొక స్త్రీ యొద్దకు పొండు. ఆమె ప్రక్క కూర్చుండి, ఎప్పుడు మొదలుపెట్టితివి, ఎవరు నేర్పిరి, ఏది కష్టము, ఏమి కావలెను అని అడుగుడు. ఆమె చెప్పినది చెప్పినట్లు వ్రాయుడు. ఆమె యిష్టపడిననే పేరు వ్రాయుడు. వ్రాసి, ఆ దినమున ఆమె పనిలో నొకదానిని మీరు చేసి రండు.

ఆ యవ్వ ఇప్పుడు లేదు. సంఘపు రిజిష్టరులో ఆమెను గూర్చి రెండు పంక్తులు మాత్రమే గలవు. బాప్తిస్మపు తేదీ యొకటి, భూస్థాపనపు తేదీ యొకటి. ఆ రెంటి నడుమనున్న నలువది యేండ్లను నేను ఆలస్యముగానైనను ఇచ్చట వ్రాసితిని. గత సంవత్సరము ఆ యూరికి పోయినప్పుడు ఆదివారము మొదటి గంట విని లేచితిని. కొట్టినది ఆనాడు సిగ్గుపడిన ఆ బాలుడే. ఇప్పుడు వాని ప్రక్కన వాని చిన్న కూతురు నిలువబడి, త్రాడు పట్టుకొనుటకు తన వంతు ఎప్పుడని అడుగుచుండెను.